ఇసకం దొర

అసలు పేరు విన్‌స్కోమ్ అట.
మా చొల్లంగి నోళ్లలో ఆరు తరాలు నానేసరికి
ఇసకం దొర అయ్యాడు.

మొన్న యూనివర్సిటీ కుర్రాడొకడు
జిరాక్సు కాగితాల కట్టతో వచ్చాడు.
"మీ ఉప్పు మీద పన్ను తీసెయ్యమని
లండన్ పార్లమెంటులో మాట్లాడిన మనిషండీ" అన్నాడు.
నాయనమ్మ వల కుట్టే కండె పక్కనపెట్టి
"ఎవరూ, దుర్గియ్య చెయ్యి ఇరగ్గొట్టినోడేనా?" అంది.

అక్కణ్ణించి చెప్పాలి.

ఇరవై రెండేళ్ల లెఫ్టినెంటు.
యుద్ధం చూద్దామని ఓడెక్కినవాడికి
సామర్లకోట పటాలంలోంచి పదిమంది సిపాయిల్నిచ్చి
ఉప్పు కొఠార్ల కాపలాకి తోలారు.
దొరికిన శత్రువు ఉప్పు.
మడ అడవి అంచున, పోటు దిగిపోయాక,
ఎవరూ చల్లకుండా తెల్లగా పూసే పంట.
దాన్ని గోటితో గీరినా కుంపిణీ సొమ్ము దొంగిలించినట్టేనని
పేటపేటకీ టముకు వేయించాడు.

తెలుగులో వాడికి పట్టుబడినవి మూడే మాటలు:
ఆగు. చూపించు. ఎంత?

దుర్గియ్య ఆగాడు.
చూపించబోయాడు.
ఎంత అంటే, గుప్పెడు. చవిటిమన్ను. గంజిలోకి.
పిడికిలి విచ్చుకునేలోపే
తుపాకీ మడమ మణికట్టు మీద పడింది.

చెయ్యి వంకరగా అతుక్కుంది.
ఆ చేత్తోనే వల విసిరితే
వల ఎప్పుడూ ఎడమకే పరుచుకునేది.
మా ఇంట్లో మగాళ్లం ఇప్పటికీ ఎడమకే విసురుతాం,
చేతులు బాగానే ఉన్నా.

ఆ పైన దొరకి చలిజ్వరం,
కోరంగి రేవులో తిరుగు ఓడ,
మేనమామ పోతే కలిసొచ్చిన భూమి, గొర్రెలు, గడ్డం.
కుర్రాడు వేలితో వరసలు చూపిస్తూ చదివాడు:
నూట నలభైమంది ఓటర్లున్న ఊరు,
వాళ్లకి రెండు రాత్రులు సారా, వేయించిన మాంసం,
గెలుపు.
మా వార్డు మెంబరు విని, "అంతేనా ఖర్చు?" అని నిట్టూర్చాడు.

పదకొండేళ్లు వెనక బల్ల మీద కూర్చున్నాడు.
నోరు విప్పినట్టు ఒక్క కాగితమూ లేదు.
పన్నెండో ఏడు, సగంమంది భోజనాలకి లేచిపోయిన రాత్రి,
ఎందుకో లేచి నిలబడ్డాడు.

"నేను ఒకప్పుడు సముద్రానికి కాపలా కాశాను" అన్నాడట.
బ్రాకెట్లో, నవ్వులు.
"ఒక బెస్తవాణ్ణి పట్టుకున్నాను.
వాడి గుప్పిట్లో ఉన్నదానికి ఎంత పన్ను వెయ్యాలో
నాకు ఈనాటికీ తెలియలేదు."
మళ్లీ నవ్వులు.
ఓట్లు లెక్కపెట్టారు: ఇటు ముప్ఫై ఒకటి, అటు నూట నలభై ఎనిమిది.
మా ఉప్పు ధర దమ్మిడీ తగ్గలేదు.
మరుసటి ఎన్నికలో ఓడిపోయాడు,
అది ఉప్పు వల్ల కాదు, రైలు దారి ఏదో అడ్డొచ్చి.

"పేరు చెప్పాడా?" అడిగింది నాయనమ్మ.
"లేదండీ. ఒక బెస్తవాడు, అంతే."
"చెయ్యి?"
కుర్రాడు కాగితం తిరగేశాడు,
మళ్లీ ఇటు తిప్పాడు.
"'వాడు గుప్పిట తెరిచి చూపించాడు,
జాలేసి, వెళ్లిపొమ్మన్నాను' అని ఉందండీ."

తాటాకు మీద ఈగ నడిచినా వినపడేటంత సేపు
ఎవరం మాట్లాడలేదు.

ముసలాయన అబద్ధం చెప్పాడో,
ముప్ఫై ఏళ్లు రోజూ ఆ చేతిని తెరుస్తూ తెరుస్తూ
చివరికి నిజంగానే తెరుచుకున్నట్టు చూశాడో,
నాకు తెలీదు.
నేను వాడి మీద కోపం వెతుక్కున్నాను.
ఉంది గానీ, పదును లేదు.

"వెళ్లిపో అనే మాట
వాడికి తెలుగులో రాదు గదరా" అంది నాయనమ్మ.

పొద్దెక్కిందని కుర్రాడికి అన్నం పెట్టాం.
మట్టగిడసల పులుసు.
రెండు ముద్దలు తిని, మొహమాటపడుతూ,
ఉప్పు కాస్త తగ్గిందండి, ఆయ్, అన్నాడు.

నాయనమ్మ డబ్బాలో చెయ్యి పెట్టి
పిడికిలి మూసి పైకి తీసి
అడిగింది:
"ఎంత?"